ఆమె చెప్పినప్పుడు మనం ఏమి విన్నాం?



వైద్యవృత్తిలో ఉన్నంతకాలం రోగులను అడిగిన ప్రశ్నలలో నాకు గుర్తున్నవి తక్కువ. ఒక ప్రశ్న మాత్రం నేటికీ వెంటాడుతున్నది. ఉద్యోగంలో చేరిన తొలిరోజులలో, ఏజెన్సీ ప్రాంతంలోని ఒక చిన్న ఆసుపత్రికి, సంత జరిగిన నాటి రాత్రి, ఒక గిరిజన తల్లి తన కూతురిని తీసుకువచ్చింది. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది. ఆమె దగ్గర కల్లు వాసన వచ్చింది. "తాగావా?" అని అడిగాను. ఆమె తల దించుకున్నది. ఆ తరువాత ఎంత బతిమాలినా నోరు విప్పలేదు. తల్లి చేతుల మీది గీతలకు మందు రాయించుకుని, కూతురిని వెంటబెట్టుకుని చీకటిలోనే వెళ్ళిపోయింది.

వైద్యుడికి ఆ సమాచారం అవసరమే. కాని అది మొదటి ప్రశ్న కాదు. "ఏం జరిగిందమ్మా?" అన్నది మొదటి ప్రశ్న. ఈ రెండింటి వరుస తారుమారైతే ఏమి జరుగుతుందో ఆ రాత్రి తెలుసుకున్నాను. తరువాత చరిత్ర చదువుతున్నకొద్దీ, ఆ పొరపాటు నా ఒక్కడిదే కాదనీ, ఇంట్లో, పంచాయతీలో, పోలీసు స్టేషనులో, న్యాయస్థానంలో తరతరాలుగా జరుగుతున్నదేననీ అర్థమైంది. లైంగిక దాడి జరిగినప్పుడు స్త్రీలు చెప్పరు అని మనం అనుకుంటాం. చరిత్రను చూస్తే వారు చాలాసార్లు చెప్పారు. ఎలా వినాలో తెలియనిది మనకే. అందులోనూ మద్యం ప్రసక్తి వస్తే మన చెవి మరింత మొద్దుబారుతుంది. ఈ వ్యాసం ఆ వినికిడి చరిత్ర.

మన్యంలో కల్లు, బయటివారి సారా

ముందుగా ఒక అపోహను తొలగించాలి. అరకు, పాడేరు కొండలలో కల్లు బయటినుంచి వచ్చిన వ్యసనం కాదు. జీలుగు చెట్టు కల్లు, ఇప్పసారా పండుగలలో, పెళ్ళిళ్ళలో, పితృకార్యాలలో భాగాలు. ఆడవారూ మగవారూ కలిసి తాగే సందర్భాలు అక్కడ ఉన్నాయి. మైదానపు కట్టుబాట్లలో పెరిగినవారికి స్త్రీ కల్లు తాగడమే ఒక నేరంలా కనబడుతుంది. కొండ మీద అది అందరితో కలిసి కూర్చోవడం, అంతే. మైదానం నుంచి వెళ్ళిన వైద్యుడు, పోలీసు, గుమాస్తా తమ కళ్ళద్దాలను మార్చుకోకుండా ఆమె మాట విన్నప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది.

ఆ కల్లు మీద ప్రభుత్వాల పెత్తనానికి కూడా పెద్ద చరిత్రే ఉన్నది. 1879లో గోదావరి మన్యంలో రాజుకున్న రంప పితూరీకి ఉన్న కారణాలలో కల్లు మీద వేసిన చిగురుపన్ను ఒకటి. చెట్టు తమది, గీత తమది, పన్ను మాత్రం ఎవరికో అన్నది నాటి గిరిజనుల ఆగ్రహం. 1922లో అల్లూరి సీతారామరాజు ఉద్యమం ప్రారంభించే ముందు మన్యం ప్రజలకు చెప్పిన మాటలలో తాగుడు మానండి, తగాదాలను మీ పంచాయతీలలోనే తీర్చుకోండి అన్నవి ముఖ్యమైనవి. ఇక 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో మత్తు పానీయాల నియంత్రణ, నిషేధాలకు సంబంధించిన అధికారాన్ని గ్రామసభల స్థాయికి తెచ్చింది.

ఈ చరిత్రంతటిలో మద్యం అంటే ఆదాయం, మద్యం అంటే తిరుగుబాటు, మద్యం అంటే సంస్కరణ. తాగినవాడి చేతిలో దెబ్బతిన్న స్త్రీ ఏమి చెప్పిందన్నది మాత్రం ఆ కాగితాలలో మనకు దొరకడం అరుదు. ఊరి పెద్దల దగ్గరకు అటువంటి ఫిర్యాదు వచ్చినప్పుడు తప్పు కట్టించి రాజీ కుదర్చడం పాత పద్ధతి. కొన్ని తెగలలో ఆ దండుగలో కల్లు, సారా కూడా ఉండేవి. ఊరి సామరస్యం నిలిచేది. ఆమెకు ఏమి మిగిలిందని అడిగేవారు తక్కువ.

ఒకే మత్తు, రెండు తీర్పులు

మన నిత్యవ్యవహారంలోని రెండు మాటలను గమనించండి. మగవాడి విషయంలో "పాపం, తాగిన మైకంలో చేశాడు" అంటాం. ఆడదాని విషయంలో "అది తాగి ఉన్నదట" అంటాం. మొదటి వాక్యంలో మద్యం నేరాన్ని తగ్గిస్తుంది. రెండవ వాక్యంలో అదే మద్యం నేరాన్ని బాధితురాలి మీదికి నెడుతుంది. ఒకే సీసా, ఇద్దరికీ రెండు తీర్పులు.

చట్టం ఏనాడూ ఈ మాట అనలేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 85, 86 సెక్షన్ల సారాంశం ఏమంటే, తనకు తెలియకుండానో, తన ఇష్టానికి విరుద్ధంగానో మత్తు ఎక్కించబడినవాడికి తప్ప, స్వయంగా తాగినవాడికి ఆ మత్తు సాకు కాదు. అదే చట్టంలోని 90వ సెక్షన్, మత్తువల్ల తాను దేనికి ఒప్పుకుంటున్నదో గ్రహించలేని స్థితిలో ఉన్న వ్యక్తి సమ్మతి సమ్మతే కాదన్నది. అంటే, తాగినవాడు తన తాగుడు వెనుక దాక్కోలేడు; తాగి ఉన్న స్త్రీ మౌనాన్ని అంగీకారంగా లెక్కించరాదు. 160 ఏళ్ళకు పైగా పుస్తకంలో ఉన్న ఈ సూత్రాన్ని మన ఇళ్ళు తలకిందులుగా పాటిస్తున్నాయి.

ఠాణా బయట నిలబడి చెప్పిన అమ్మాయి

ఆ సూత్రం న్యాయస్థానాలలోనైనా సరిగా వినబడిందా? 1972 మార్చి 26 రాత్రి, నేడు గడ్చిరోలి జిల్లాలో ఉన్న దేశాయిగంజ్ పోలీసు స్టేషనులో ఒక ఆదివాసీ బాలికపై ఇద్దరు పోలీసులు లైంగిక దాడి చేశారన్న ఆరోపణ వచ్చింది. బాధితురాలి పేరు వెల్లడించరాదని నేటి చట్టం చెబుతున్నది కాబట్టి ఆమె పేరు రాయను. తుకారాం వర్సెస్ మహారాష్ట్ర ప్రభుత్వం అన్న పేరుతో ఆ కేసు న్యాయశాస్త్ర గ్రంథాలలో ఉన్నది. ఇద్దరిలో ఒకరు బాగా తాగిన స్థితిలో ఉన్నాడన్నది ప్రాసిక్యూషన్ కథనం.

ఆ అమ్మాయి ఎంతసేపు మౌనంగా ఉన్నది? అసలు ఉండలేదు. ఠాణాలోంచి బయటకు రాగానే, అక్కడ ఎదురుచూస్తున్న తనవారికీ, గుమికూడిన జనానికీ జరిగింది చెప్పింది. జనం నమ్మారు, ఆగ్రహించారు. మరునాటి రాత్రి వైద్యపరీక్ష జరిగింది. ఒంటిమీద గాయాలు లేవనీ, కన్నెపొర చిరుగు పాతదనీ వైద్యుల నివేదికలో నమోదైంది. 1974లో సెషన్సు కోర్టు నిందితులను విడుదల చేసింది. 1976లో హైకోర్టు శిక్ష వేసింది. భయంతో లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్నది. 1978లో సుప్రీంకోర్టు, గాయాలు లేకపోవడాన్ని ఎత్తిచూపుతూ, మళ్ళీ విడుదల చేసింది.

ఒక వైద్యుడిగా ఆ నివేదికను తలచుకున్నప్పుడు బాధ కలుగుతుంది. ప్రతిఘటించలేక కొయ్యబారిపోయిన శరీరం మీద గాయాలు ఉండకపోవచ్చు. పాత చిరుగు ఆ రాత్రి గురించి ఏమీ చెప్పదు. వైద్యశాస్త్రం చెప్పని మాటను వైద్యుల కాగితం చెప్పినట్లు చదివారు.

1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతటా మహిళలు వీధులలోకి వచ్చారు. ఆ ఒత్తిడి ఫలితమే 1983 చట్ట సవరణ. పోలీసు నిర్బంధం వంటి పరిస్థితులలో సంబంధం జరిగినట్లు రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె చెబితే, న్యాయస్థానం ఆ మాటనే ముందుగా నమ్మాలన్న నియమం అప్పుడు వచ్చింది. బాధితురాలి పేరు వెల్లడి నేరమైంది. మత్తులో ఉన్న స్త్రీ సమ్మతి చెల్లదన్న సంగతి అత్యాచార నిర్వచనంలోకే చేరింది. సారాంశంలో, ఠాణా బయట నిలబడి ఒక ఆదివాసీ బాలిక చెప్పిన మాటను దేశం వినడానికి పదకొండేళ్ళు పట్టింది.

దూబగుంట: కలిసి చెప్పిన మాట

ఠాణాలు, కోర్టుల సంగతి అలా ఉండగా, ఇంట్లో తాగినవాడి హింస మాటేమిటి? దాన్ని తెలుగునాట మొదటిసారి పెద్ద గొంతుతో చెప్పినవారు నెల్లూరు జిల్లా స్త్రీలు. 1990ల తొలినాళ్ళలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా రాత్రిబడులలో కూర్చున్న కూలి స్త్రీలు వాచకంలోని పాఠం చదువుతూ, తమ ఊరి సారా కొట్టు గురించి మాట్లాడుకోవడం ప్రారంభించారు. దూబగుంటలో సారా అమ్మకాన్ని ఆపించారు. 1992లో ఆ నిప్పు జిల్లా అంతటా పాకింది. సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తివేశారు.

నిషేధం నిలవకపోయినా, ఆ ఉద్యమం ఒక సత్యాన్ని రుజువు చేసింది. నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఉన్నంతకాలం "నా ఖర్మ" అనిపించిన బాధ, పదిమంది కలిసి కూర్చున్నప్పుడు "మన బాధ"గా మారుతుంది. అప్పుడే నోరు పెగులుతుంది. అయితే ఆ సభలలో దెబ్బల గురించి, పోయిన కూలి డబ్బుల గురించి చెప్పుకోవడం తేలిక. పడకటింటి బలవంతం గురించి చెప్పుకోవడం నేటికీ కష్టమే. భార్యపై భర్త జరిపే లైంగిక బలవంతాన్ని అత్యాచారంగా గుర్తించని మినహాయింపు మన చట్టంలో ఇంకా ఉన్నది. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2006 అక్టోబరు నుంచి అమలులో ఉన్న గృహహింస చట్టం లైంగిక హింసను కూడా హింసగానే గుర్తించింది.

2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, భర్త తరచుగా తాగివచ్చే ఇళ్ళలో దాదాపు 70 శాతం మంది స్త్రీలు శారీరక లేదా లైంగిక హింసను అనుభవించారు. భర్త తాగని ఇళ్ళలో అది దాదాపు నాలుగో వంతు. తాగనివాడూ కొడుతున్నాడంటే మద్యం ఒక్కటే కారణం కాదు. మద్యం ఆ చేతికి బలమిస్తున్నది. హింసకు గురైన స్త్రీలలో నాలుగింట మూడు వంతులకు పైగా ఎవరి సహాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పనూ లేదు.

వాకపల్లి: వెంటనే చెప్పినా

ఇప్పుడు మళ్ళీ మన కొండలకు వద్దాం. 2007 ఆగస్టు 20న, జి.మాడుగుల మండలంలోని వాకపల్లికి గ్రేహౌండ్స్ పోలీసు బృందం గాలింపుకు వచ్చింది. ఆ బృందంలోని కొందరు తమపై సామూహిక అత్యాచారం జరిపారని 11 మంది కొండు తెగ స్త్రీలు ఆరోపించారు. ఈ ఘటనలో బాధితుల తాగుడు ప్రసక్తి లేదు. అందుకే దీనిని ఇక్కడ ప్రస్తావిస్తున్నాను. "ఆమె తాగి ఉన్నది", "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు", "ఒక్కతే చెబితే ఎలా నమ్మేది" అని మామూలుగా వినిపించే సందేహాలలో ఒక్కటీ ఇక్కడ వర్తించదు. పదకొండుమంది కలిసి చెప్పారు. నెలల తరబడి దాచలేదు. వెనువెంటనే పాడేరు వచ్చి అధికారులకు, ప్రజాప్రతినిధికి చెప్పారు.

ఏమి జరిగింది? ఇది మావోయిస్టుల ప్రోద్బలంతో చేసిన ఆరోపణ అని పోలీసు వర్గాలు కొట్టిపారేశాయి. దర్యాప్తు సంస్థ కేసును మూసివేయాలని నివేదించింది. ఆ స్త్రీలు ఒప్పుకోలేదు. అభ్యంతర పిటిషను వేశారు. పాడేరు మేజిస్ట్రేటు కేసును విచారణకు స్వీకరించారు. నిందితులు హైకోర్టుకు, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. విచారణను త్వరగా ముగించాలని 2017లో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత గాని విశాఖపట్నంలో సాక్ష్యాల విచారణ మొదలు కాలేదు. 2023 ఏప్రిల్ 6న ప్రత్యేక న్యాయస్థానం నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది. గుర్తింపు పరేడ్ జరపకపోవడం వంటి దర్యాప్తు లోపాలను ఎత్తిచూపింది. ఆ స్త్రీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని కూడా అదే తీర్పులో ఆదేశించింది.

చట్టం దృష్టిలో నిందితులు నిర్దోషులు. ఆ తీర్పును తిరగదోడడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నేను గమనించమని కోరేది వినేవారి వైపు జరిగిన లోపాన్ని. ఎవరు ఎవరన్నది గుర్తింపజేయడం దర్యాప్తులో ప్రాథమికమైన పని. అది మొదటి రోజులలో జరగకపోతే, పదిహేనేళ్ళ తరువాత ఎంత గొప్ప న్యాయమూర్తి అయినా దాన్ని తిరిగి సృష్టించలేరు. నేరం జరిగిందా లేదా, ఎవరు చేశారు అన్న ప్రశ్నలకు రుజువులతో కూడిన సమాధానం పొందే హక్కు ఆ స్త్రీలకూ ఉన్నది, నిందితులకూ ఉన్నది. తొలి దశలోని అలక్ష్యం ఇద్దరి హక్కునూ కాజేసింది.

ఇందులో భాష ఒక ముఖ్యాంశం. కొండుల మాతృభాష కువి. అరకు పరిసరాలలో ఆదివాసీ ఒరియా, గదబ, కొండ భాషలు కూడా వినబడతాయి. తన భాషలో చెప్పిన మాట దుభాషి నోట తెలుగవుతుంది, వైద్యుడి కలం కింద ఇంగ్లీషవుతుంది, మళ్ళీ న్యాయస్థానంలో తెలుగవుతుంది. ఈ ప్రయాణంలో ఒక్క మాట జారినా, ఏళ్ళ తరువాత "మొదట ఒకటి చెప్పి ఇప్పుడొకటి చెబుతున్నది" అన్న వాదనకు ఆధారమవుతుంది. కలిసికట్టుగా, వెంటనే, ధైర్యంగా చెప్పిన పదకొండుమంది పరిస్థితే ఇది. సంత నుంచి ఒంటరిగా తిరిగివస్తూ, కాస్త కల్లు తాగి ఉండి, దాడికి గురైన అమ్మాయి మాట ఎవరి దగ్గర నిలుస్తుంది?

ఆసుపత్రి ఆలస్యంగా నేర్చుకున్న పాఠం

మా వృత్తి కూడా మెల్లగానే మారింది. బాధితురాలి గత ప్రవర్తనను ఎత్తిచూపి ఆమె సాక్ష్యాన్ని తోసిపుచ్చే వీలు కల్పించిన నిబంధన 2002 సవరణతో సాక్ష్య చట్టం నుంచి తొలగింది. రెండు వేళ్ళ పరీక్ష స్త్రీ గౌరవానికి భంగకరమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇకపై ఆ పరీక్ష చేసినవారు దుష్ప్రవర్తన కింద బాధ్యులవుతారని 2022 అక్టోబరులో హెచ్చరించింది. 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ లైంగిక హింస బాధితుల వైద్యసేవకు మార్గదర్శకాలు విడుదల చేసింది. చికిత్స మొదటిది, సాక్ష్యసేకరణ ఆమె సమ్మతితోనే అన్నది వాటి సారం.

మద్యం గురించి వైద్యశాస్త్రం చెప్పే రెండు సంగతులను పాఠకులు తప్పక తెలుసుకోవాలి. మొదటిది జ్ఞాపకం. ఎక్కువ మద్యం ఒంట్లోకి చేరినప్పుడు మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం కొత్త జ్ఞాపకాలను నమోదు చేయలేదు. మనిషి నడుస్తూ మాట్లాడుతూ ఉండవచ్చు. మరునాడు మధ్యమధ్య ముక్కలు మాత్రమే గుర్తుంటాయి. కాబట్టి "అంతవరకు గుర్తున్నది, ఆ తరువాత గుర్తులేదు" అన్నది కట్టుకథకు లక్షణం కాదు. రెండవది, రక్తంలో మద్యం జాడ చాలావరకు ఒక రోజులోనే మాయమవుతుంది. మత్తు కలిపి ఇచ్చారన్న అనుమానం ఉంటే రక్త, మూత్ర నమూనాలను వెంటనే తీయించాలి.

బాధితురాలు మొదట చెప్పుకునేది సాధారణంగా పోలీసుకు కాదు, తల్లికో, స్నేహితురాలికో. చికాగోలో సారా ఉల్మన్ అనే పరిశోధకురాలు దశాబ్దాలుగా ఈ విషయాన్నే అధ్యయనం చేశారు. చెప్పుకున్నప్పుడు నింద ఎదురైనవారిలో మానసిక గాయం మరింత తీవ్రంగా ఉంటున్నదనీ, దాడికి ముందు తాగి ఉన్నవారికి ఆ నింద, తమను తాము నిందించుకోవడం రెండూ ఎక్కువనీ ఆ తరహా పరిశోధనలు చెబుతున్నాయి. మన పల్లెలలో దీనికి పరిశోధన అక్కరలేదు. తల దించుకుని వెళ్ళిపోయిన అమ్మాయిలే సాక్ష్యం.

మీ దగ్గర చెప్పుకుంటే

ఎవరైనా మీ దగ్గర ఈ మాట చెప్పుకుంటే చేయవలసినవి కష్టమైన పనులు కావు.

మధ్యలో అడ్డురాకుండా వినండి. "నీ తప్పు కాదు, చెప్పి మంచిపని చేశావు" అనండి. ఎందుకు వెళ్ళావు, ఎందుకు తాగావు, ఎందుకు అరవలేదు అని అడగవద్దు.

వీలైనంత త్వరగా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. హెచ్‌ఐవి నివారణ మందులు 72 గంటలలోపు మొదలుపెట్టాలి. అవాంఛిత గర్భాన్ని నివారించే మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. వీలైతే పరీక్షకు ముందు స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా ఉంచాలి. స్నానం చేసినా, రోజులు గడిచినా ఆసుపత్రికి వెళ్ళడం మానవద్దు. చికిత్స ఎప్పుడైనా అవసరమే.

ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా చికిత్స చేయాలి, నిరాకరించడం నేరం. ఆసుపత్రి పోలీసులకు సమాచారం ఇవ్వాలి. కాని పోలీసు కాగితం తెస్తేనే చికిత్స అనడానికి వీలులేదు. ఫిర్యాదును ఏ పోలీసు స్టేషనులోనైనా తీసుకోవాలి. మహిళలకు 181, అత్యవసరానికి 112, పిల్లలకు 1098 నంబర్లు ఉన్నాయి. బాధితురాలు 18 ఏళ్ళలోపు బాలిక అయితే పోలీసులకు తెలియజేయడం చట్టపరమైన విధి. పెద్దల రాజీతో ఇటువంటి నేరం మాసిపోదు.

ఆమె మాతృభాష తెలిసినవారిని, వీలైతే స్త్రీని, దుభాషిగా పిలిపించండి. అరకు వంటి చోట ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ కార్యకర్తలు చాలామందికి స్థానిక భాష తెలుసు. ఆమె అన్న మాటలను అన్నట్లే రాయాలి. మన మాటలలోకి మార్చి రాయరాదు.

ఆనాడు నా ముందు నిలబడిన అమ్మాయి పేరు నాకు తెలియదు. ఆమెకు ఏమి జరిగిందో కూడా తెలియదు. తెలుసుకునే అవకాశాన్ని ఒక్క ప్రశ్నతో నేనే పోగొట్టుకున్నాను. ఇది చదివే యువ వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు, తల్లులు ఎవరైనా రేపు ఇటువంటి సందర్భంలో ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, "ఏం జరిగిందమ్మా?" అని అడిగితే చాలు.